పల్మనరీ హైపర్‌టెన్షన్ మందులు: ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన సంగతులు

పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ ఉన్నవారికి తమ సొంత మందుల కంటే, ఆ మందుల సంగతి తెలియనివారు ప్రేమతో చేతిలో పెట్టే మరో మాత్రతోనే ముప్పు ఎక్కువని నా నమ్మకం. మా చెల్లెలికి ఈ జబ్బు ఉన్నదని తేలినప్పటి నుంచి ఆమె మందుల బాధ్యత మా ఇంట్లో నేనే చూస్తున్నాను. నేను డాక్టరును కాను. కార్డియాలజిస్టును అడిగి తెలుసుకున్నవి, మందుల పెట్టెలోని కాగితాలను ఓపికగా చదివి గ్రహించినవి, మా అనుభవంలోకి వచ్చినవి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. మోతాదు విషయంలో ఎవరి చీటీ వారిదే. నేను అంకెలు చెప్పిన చోట కూడా వాటిని మీ చీటీతో పోల్చుకోవడానికే వాడండి, మార్చుకోవడానికి కాదు.

ముందుగా చుట్టాలకు చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. ఇది చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ కాదు. గుండె కుడి భాగం నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని తీసుకువెళ్ళే ధమనులు సన్నబడి, గట్టిపడి, వాటిలో పీడనం పెరగడం ఈ జబ్బు. మామూలుగా ఆ ధమనుల్లో సగటు పీడనం 14 ప్రాంతంలో ఉంటుంది. 2022లో యూరప్ వైద్య సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అది 20 దాటితే ఎక్కువ కిందే లెక్క. కచ్చితంగా తేల్చాలంటే సన్నని గొట్టాన్ని గుండె కుడి భాగంలోకి పంపి కొలవవలసిందే. చేతి బీపీ 110 ఉన్నంత మాత్రాన ఊపిరితిత్తుల్లో అంతా బాగున్నట్టు కాదు. "బీపీ నార్మల్‌గానే ఉంది కదమ్మా, ఇన్ని మాత్రలెందుకు?" అని మా పెద్దమ్మ అడిగినప్పుడు ఇదే వివరించాం. అదే తీరున, ఇంట్లో పెద్దవాళ్ళు వాడే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ వేసుకుంటే సరిపోదా అని అడిగేవారూ ఉన్నారు. పైన చెప్పిన గొట్టం (క్యాథెటర్) పరీక్ష సమయంలో ప్రత్యేకమైన మందు ఇచ్చి చూసినప్పుడు ధమనుల పీడనం బాగా తగ్గిన కొద్దిమందికే ఆ రకం మందులు పనికివస్తాయి, అవి కూడా డాక్టరు నిర్ణయించిన పెద్ద మోతాదులో.

ఇక సిల్డెనాఫిల్ గురించి. ఈ మందుకు 1998లో అమెరికాలో వయాగ్రా పేరుతో అనుమతి వచ్చింది. ఊపిరితిత్తుల ధమనులను సడలించే గుణం దీనికి ఉన్నది కాబట్టి 2005లో ఈ జబ్బుకూ అనుమతించారు. సాధారణంగా 20 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు మూడుసార్లు రాస్తారు. మందు ఒకటే అయినా మోతాదు వేరు, వాడే కారణం వేరు. అయితే మందుల షాపు కౌంటరు దగ్గర నిలబడ్డ ఆడపిల్లకు ఈ తేడా రక్షణ ఇవ్వదు. చీటీ చూసి కుర్రాడు లోపలివాడి వంక చూడడం, ఇద్దరూ మొహాలు చూసుకోవడం, వెనకాల నిలబడ్డవారు తొంగిచూడడం మా చెల్లెలు భరించింది. ఆ సిగ్గుతో షాపులో జనం తగ్గేదాకా ఆగి, ఆలస్యమై, మధ్యాహ్నం మోతాదు తప్పిపోయిన ఆడవాళ్ళు నాకు తెలుసు. ఇది చిన్న విషయమని నేను అనుకోను. ఊపిరికి సంబంధించిన మందు కొనడానికి మొహమాటపడవలసిన పరిస్థితి ఎవరికీ రాకూడదు. అందుకే డాక్టరును అడిగి చీటీ మీద జబ్బు పేరు కూడా రాయించుకున్నాం, ఒకే షాపును ఎంచుకొని యజమానితో నేరుగా మాట్లాడాం, అయిపోవడానికి వారం ముందే ఫోన్ చేసి తెప్పించుకుంటున్నాం.

మరొక చోట, "ఇరవై లేదండీ, యాభై ఉంది, సగానికి విరుచుకోండి" అన్నారు. సగం చేస్తే ఇరవై అయిదు అవుతుంది, అది కూడా సరిగ్గా విరిగితేనే. రోజుకు మూడుసార్లు, ఏళ్ళ తరబడి వేసుకునే మందులో ఈ సర్దుబాటు డాక్టరు ఒప్పుకుంటే తప్ప చేయకూడదు. కంపెనీ మారినా ఫరవాలేదేమో కానీ, స్ట్రిప్ వెనుక మందు పేరు, మిల్లీగ్రాములు అక్షరం అక్షరం చదివి చూసుకున్నాకే డబ్బులు ఇవ్వండి.

నేను ఈ టపా రాయడానికి అసలు కారణం సార్బిట్రేట్. మన ఇళ్ళల్లో యాభై దాటిన మగవారి చొక్కా జేబుల్లో ఆ చిన్న మాత్ర ఉంటుంది. ఛాతీలో నొప్పి అనగానే నాలుక కింద పెట్టుకోవాలని అందరికీ తెలుసు. బంధువుల గృహప్రవేశంలో మెట్లెక్కి వచ్చిన మా చెల్లెలికి ఛాతీ పట్టేసినట్టయి కూర్చుండిపోతే, మా బాబాయి క్షణం ఆలస్యం చేయకుండా స్ట్రిప్ చింపి మాత్ర ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకొని ఆపి, "వద్దు బాబాయ్, నేను వేసుకునే మందుకి ఇది పడదు, బీపీ పడిపోతుంది, ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అన్నది. మాట్లాడగలిగే స్థితిలో ఉన్నది కాబట్టి చెప్పగలిగింది. స్పృహ తప్పి ఉంటే ఆ మాట ఎవరు చెప్పేవారు?

ఎందుకు పడదో తెలిస్తే ఎవరూ మరచిపోరు. రక్తనాళాలను సడలించే ఒక పదార్థం మన ఒంట్లోనే తయారవుతూ, విరిగిపోతూ ఉంటుంది. సార్బిట్రేట్ వంటి నైట్రేట్లు ఆ పదార్థం తయారీని ఒక్కసారిగా పెంచుతాయి. సిల్డెనాఫిల్, అదే రకానికి చెందిన టడలాఫిల్ అది విరిగిపోకుండా అడ్డుకుంటాయి. తొట్టి కింది రంధ్రం మూసేసి పైన కుళాయి పూర్తిగా తిప్పినట్టు, ఆ పదార్థం ఒంట్లో పేరుకుపోతుంది. ఒళ్ళంతా నాళాలు సడలిపోయి రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, టడలాఫిల్ వేసుకున్నాక కనీసం 48 గంటలు నైట్రేట్లు తీసుకోకూడదు. ఈ మందులు రోజూ వాడేవారికి దీని అర్థం, ఎప్పుడూ తీసుకోకూడదనే. నాలుక కింద మాత్రే కాదు, నైట్రోగ్లిసరిన్ స్ప్రే, చర్మం మీద అంటించే పట్టీ, సెలైన్‌లో ఎక్కించే మందు, నికోరాండిల్ మాత్ర కూడా ఈ కోవలోనివే. రియోసిగ్వాట్ అనే మరో మందు వాడేవారికీ నైట్రేట్లు నిషిద్ధమే. పైగా రియోసిగ్వాట్‌ను సిల్డెనాఫిల్‌తో గానీ టడలాఫిల్‌తో గానీ కలిపి వాడకూడదు. ఒకదాని నుంచి మరోదానికి మారేటప్పుడు ఏది ఎప్పుడు ఆపి ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు గంటల లెక్కన చెబుతారు, ఆ లెక్క తప్పకూడదు. 108 వాహనం వచ్చినప్పుడు ఊపిరాడడం లేదని చెప్పే మాటతో పాటే నైట్రేట్ వద్దన్న మాట కూడా చెప్పండి. క్యాజువాలిటీలో కొత్త డాక్టరు కనిపించిన ప్రతిసారీ మళ్ళీ చెప్పండి, విసుక్కున్నా చెప్పండి.

రెండో రకం మందులు బోసెంటన్, ఆంబ్రిసెంటన్, మాసిటెంటన్. ఒక జబ్బుకు రెండు రకాలెందుకని అనుమానం రావచ్చు. ఇవి వేరే దారిన పనిచేసి, నాళాలను బిగించే ఎండోథెలిన్ అనే పదార్థాన్ని అడ్డుకుంటాయి. 2015లో వెలువడిన ఆంబిషన్ అనే అధ్యయనంలో ఆంబ్రిసెంటన్, టడలాఫిల్ రెండింటినీ మొదటి నుంచి కలిపి ఇచ్చినవారు, ఒక్కటే ఇచ్చినవారి కంటే మెరుగ్గా ఉన్నారు. కాబట్టి ఖర్చు తగ్గుతుందని ఒకదాన్ని మనంతట మనం మానేయడం సరికాదు. ఖర్చు మోయలేకపోతే ఆ మాట డాక్టరుతోనే చెప్పాలి.

ఈ రకం మందులతో అతి పెద్ద జాగ్రత్త గర్భం విషయంలో. ఇవి కడుపులోని బిడ్డకు తీవ్రమైన అవయవ లోపాలు కలిగిస్తాయి. రియోసిగ్వాట్‌దీ అదే ప్రమాదం. అసలు ఈ జబ్బులో గర్భమే తల్లి ప్రాణానికి పెద్ద గండం. అందువల్ల మందు మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత నెలనెలా, మందు ఆపిన నెల తర్వాత కూడా గర్భ పరీక్ష చేయించుకోవలసి ఉంటుంది. బోసెంటన్ గర్భనిరోధక హార్మోన్ మాత్రల శక్తిని తగ్గిస్తుంది కాబట్టి వాటి మీదే ఆధారపడకూడదు. ఈ విషయం కొత్తగా పెళ్ళయిన అమ్మాయితో, ఆమె భర్తతో, వీలైతే అత్తగారితో కూడా డాక్టరు ఎదురుగానే మాట్లాడాలి. పిల్లల కోసం ఎవరో ఒత్తిడి చేస్తే చాటుగా మందు మానేసే అమ్మాయిలు ఉంటారు. ఆ పరిస్థితి తెచ్చేది మాత్ర కాదు, ఇంట్లో ఎవరూ నోరు విప్పకపోవడం.

బోసెంటన్ కాలేయాన్ని ఇబ్బంది పెట్టవచ్చు. కాబట్టి నెలనెలా లివర్ పరీక్ష తప్పదు. మొదట 62.5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇచ్చి, నాలుగు వారాల తర్వాత సాధారణంగా 125కు పెంచేది ఒంటికి అలవాటు కావడానికే. రక్తంలో హిమోగ్లోబిన్ కూడా తగ్గవచ్చు కాబట్టి అదీ చూస్తుంటారు. షుగరు ఉన్నవారు ఒకటి గుర్తుపెట్టుకోండి: మన దగ్గర ఎంతోమంది ఏళ్ళుగా వాడుతున్న గ్లిబెన్‌క్లమైడ్‌ను బోసెంటన్‌తో కలపకూడదు, కాలేయానికి దెబ్బ. షుగరు డాక్టరు వేరు, గుండె డాక్టరు వేరు అయినప్పుడు ఇద్దరి చీటీలూ ఇద్దరికీ చూపించవలసింది మనమే. టీబీ వస్తే వాడే రిఫాంపిసిన్ ఈ మందులలో చాలావాటి బలాన్ని బాగా తగ్గించేస్తుంది. క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్, కీటోకొనజోల్ వంటి ఫంగస్ మందు సిల్డెనాఫిల్ మోతాదును ఒంట్లో పెంచేస్తాయి.

ఇంత పెద్ద మందులే కాదు, జలుబు బిళ్ళలోనూ జాగ్రత్త ఉన్నది. ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ నాళాలను బిగిస్తాయి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఒంట్లో నీరు నిలిచేలా చేస్తాయి. జ్వరానికి, తలనొప్పికి ఏది వాడాలో ముందే అడిగి రాసిపెట్టుకోవడం మంచిది. మా డాక్టరు పారాసెటమాల్ చెప్పారు, ఇంట్లో అదొక్కటే ఉంచుతాం. సన్నబడే మందుల జోలికి అసలు పోకూడదు. 1960లలో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, జర్మనీలలో అమినోరెక్స్ అనే ఆకలి తగ్గించే మందు వాడినవారిలో ఈ జబ్బు వెల్లువలా వచ్చింది, దాన్ని మార్కెట్టు నుంచి తీసేశారు. ఏమున్నదో తెలియని పొడులు, కషాయాలు కూడా డాక్టరుకు చూపించకుండా వేసుకోవద్దు.

మందు ఒక్కసారిగా ఆపడం ఇంకో ప్రమాదం. కాస్త ఆయాసం తగ్గగానే "ఇక బాగానే ఉన్నాను" అనిపిస్తుంది. ఆ బాగుండడం మందు వల్లనే. ఆపేస్తే పీడనం మళ్ళీ ఎగబాకుతుంది. అమెరికాలో ఉండే మనవాళ్ళలో కొందరికి ట్రెప్రోస్టినిల్, ఎపోప్రొస్టినాల్ వంటి, ఈ జబ్బుకే వాడే మందులను పంపు ద్వారా ఇస్తారు. ఎపోప్రొస్టినాల్ రక్తంలో నిలిచేది కొద్ది నిమిషాలే కాబట్టి పంపు ఆగితే అది అత్యవసర పరిస్థితే. ఈ జబ్బుకే ఇచ్చే సెలెక్సిపాగ్ అనే మాత్ర వాడేవారికి మూడు రోజులు లేదా అంతకంటే ఎక్కువ తప్పితే మళ్ళీ తక్కువ మోతాదు నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. మామూలుగా మాత్ర ఒకటి మరచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవడం, తర్వాతి మాత్ర వేళ దగ్గరపడితే మరచిపోయినదాన్ని వదిలేయడం, రెండూ కలిపి మాత్రం ఎన్నడూ వేసుకోకపోవడం మాకు చెప్పిన పద్ధతి. కార్తీక సోమవారం ఉపవాసమున్నా మా చెల్లెలు మాత్రలు మానదు, మంచినీళ్ళు మానదు. పన్ను తీయించుకోవలసి వచ్చినా, ఏ చిన్న ఆపరేషనైనా, ముందు మా కార్డియాలజిస్టుకు ఫోన్ చేయమని ఆ డాక్టరును అడుగుతాం. ప్రయాణంలో మాత్రలు చేతిసంచిలోనే ఉంటాయి, డిక్కీలో వేసే పెట్టెలో కాదు.

నీరు పోయే మాత్రలు కూడా ఉన్నవారు రోజూ ఉదయం, ఒంటికి వెళ్ళి వచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లోనే బరువు పెరిగి, పాదాలు నొక్కితే గుంట పడుతుంటే అది కొవ్వు కాదు, నీరు. డాక్టరుకు ఆ రోజే చెప్పాలి. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ తగ్గించుకోక తప్పదు, ఇందులో నేను మెత్తబడను. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లేదా ఎసిట్రామ్ వాడేవారు ఆకుకూరలు మానక్కరలేదు, వారం వారం ఒకే మోస్తరుగా తింటూ రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్ఆర్ పరీక్ష తప్పకుండా చేయించుకుంటే చాలు.

తలనొప్పి, మొహం వేడెక్కి ఎర్రబడడం, ముక్కు దిబ్బడ, అజీర్తి మొదట్లో చాలామందికి వస్తాయి, ఎక్కువమందిలో తగ్గిపోతాయి. కానీ ఒక కంటి చూపు లేదా వినికిడి ఉన్నట్టుండి తగ్గినా, సొమ్మసిల్లి పడిపోయినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, దగ్గులో రక్తం పడినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. మందు వల్ల హాని జరిగిందనిపిస్తే కేంద్ర ప్రభుత్వపు ఔషధ భద్రతా కార్యక్రమం వారి ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024కు మనమే చెప్పవచ్చు.

మా చెల్లెలి పర్సులో, ఫోన్ కవరు వెనుక, మా అందరి పర్సుల్లో ఒక కాగితం ఉంటుంది. దాని మీద పైన ఎర్ర సిరాతో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ "నైట్రేట్లు, సార్బిట్రేట్ ఇవ్వకూడదు" అని రాసి ఉంటుంది. దాని కింద జబ్బు పేరు, ప్రతి మందూ ఎన్ని మిల్లీగ్రాములు ఏ వేళకో, రక్తం గ్రూపు, పడని మందులు, కార్డియాలజిస్టు నంబరు, ఇంట్లో ఇద్దరి నంబర్లు ఉంటాయి. గృహప్రవేశం తర్వాత ఒక కాపీ మా బాబాయి కూడా అడిగి తీసుకొని, తన సార్బిట్రేట్ స్ట్రిప్‌తో కలిపి జేబులో పెట్టుకున్నాడు. మందు మారిన రోజే పాతవన్నీ వెనక్కి తీసుకొని చించేసి, కొత్త తేదీతో రాసి మళ్ళీ పంచుతున్నాం.