నలుగురు మోసిన పరుపు

“కొందరు పక్షవాయువుగల ఒక మనుష్యుని నలుగురిచేత మోయించుకొని ఆయనయొద్దకు తీసికొని వచ్చిరి.” (మార్కు 2:3)

నలుగురు మోయడం అనగానే మన ఊళ్లల్లో ముందు గుర్తొచ్చేది పాడె. బతికుండగా పలకరించనివాళ్లు కూడా ఆ రోజు భుజం పట్టడానికి ముందుకొస్తారు. కపెర్నహూములో ఆ నలుగురూ మోసింది బతికున్న మనిషిని. మనసు కుంగినవాడికి సంఘం ఎప్పుడు ఆసరా అవుతుందో, ఎప్పుడు అడ్డమవుతుందో ఈ పన్నెండు వచనాల్లో రెండూ ఉన్నాయి.

ముందు అడ్డం సంగతి. ఆ రోగిని లోపలికి పోనియ్యనిది శత్రువులు కాదు, వాక్యం వింటున్న జనమే. “చాలమంది కూడియున్నందున వారాయనయొద్దకు చేరలేక” అని మార్కు రాశాడు. చివరికి ఆ నలుగురూ ఇంటికప్పు విప్పి, రోగిని పరుపుతో సహా యేసు ముందుకు దింపారు. మూడు వందల మంది వచ్చే చర్చిలోనూ ఇది జరుగుతుంది. ముందు వరసల్లో పాటలు, చప్పట్లు. వెనక చెప్పుల దగ్గర కూర్చుని, ఆశీర్వాదం కాకముందే లేచిపోయే మనిషిని ఎవరూ ఆపరు. హాలు నిండితే సహవాసం ఉన్నట్టు కాదు. సంఘ పెద్దలు కానుకల లెక్క రాసుకున్నంత శ్రద్ధగా, వరసగా రెండు ఆదివారాలు రానివాళ్ల పేర్లు రాసుకుంటే సగం పని అయినట్టే. కోయిర్‌లో పాడే పిల్ల పాట మానేసినా, ఎప్పుడూ నవ్వుతూ వందనాలు చెప్పే అన్న తల వంచుకుని పోతున్నా గమనించాలి. నిద్ర పట్టకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, తిండి సయించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే అది బద్ధకం కాదు, భక్తి తగ్గడమూ కాదు. డాక్టరుకు చూపించాల్సిన జబ్బు కావచ్చు.

ఐదో వచనంలో ఒక మాట ఉంది. “యేసు వారి విశ్వాసము చూచి.” ‘వాని’ కాదు, ‘వారి’. పరుపు మీదున్నవాడు ఈ కథంతటిలో ఒక్క మాటా మాట్లాడడు. డిప్రెషన్‌లో ఉన్న విశ్వాసికి పెద్ద బాధ ప్రార్థన రాకపోవడమే. మోకరిస్తే మాట రాదు, బైబిలు తెరిస్తే అక్షరం ఎక్కదు, దాంతో దేవుడు నన్ను విడిచిపెట్టాడన్న అపరాధ భావం ఒకటి తోడవుతుంది. అలాంటివాడితో “నువ్వు గట్టిగా విశ్వసించు” అనడమంటే పక్షవాయువు వచ్చినవాణ్ని నడిచి రమ్మనడమే. కొన్నాళ్లు వాడి తరఫున మనం నమ్మాలి.

ఇక మోయడం. పరుపుకు నాలుగు మూలలు కాబట్టి నలుగురు. ఒక్క పాస్టరు గారే మోస్తే పరుపు ఒరుగుతుంది, ఆయన నడుమూ విరుగుతుంది. ఆడమనిషికైతే స్త్రీల మైత్రి నుంచి, యువకుడికైతే యూత్ నుంచి, ఆ మనిషి ఒప్పుకున్న నలుగురినే పెట్టాలి. ఒకరు అన్నం చూడాలి. ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని “నా ప్రాణము తీసికొనుము” అన్నప్పుడు దూత ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి తలదగ్గర ఉన్నాయి. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. ఇంకొకరు దవాఖానకు తోడు పోవాలి. “చూపించుకో” అంటే పోరు. “రేపు పొద్దుగాల ఎనిమిదింటికి నేనొస్త, ఇద్దరం పోదాం” అంటే కదులుతారు. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానలో మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడే ఓపిక రోగికి ఉండదు, అది తోడు పోయినవాళ్ల పని. మూడో మనిషి రోజూ సాయంత్రం ఒక్క ఫోన్ చేయాలి, ఐదు నిమిషాలు చాలు. నాలుగో మనిషి రోగిని కాదు, ఇంటివాళ్లను చూడాలి. గల్ఫ్‌లో భర్త ఉండి, ఇక్కడ అత్తతో, పిల్లలతో, బీడీల చాటతో ఒంటరిగా నెట్టుకొచ్చే జగిత్యాల, నిజామాబాద్ ఇళ్లల్లో ఈ నాలుగో మనిషే ముఖ్యం.

సహవాసం తేలిపోయేది సాధారణంగా మూడో వారంలో. మొదటి వారం పదిహేను మంది ఒకేసారి ఇంటిమీద పడి గంటన్నర ప్రార్థన చేస్తారు, చాయలు పెట్టలేక ఇల్లాలు అలసిపోతుంది. మూడో వారానికి ఎవరూ ఉండరు. అందుకే వారానికి రెండు సార్లు, ఒకసారికి ఇద్దరే, అరగంటకు మించకుండా, మూడు నెలల పాటు పోవాలి. ఎవరు ఏ రోజు అన్నది కాగితం మీద రాసుకోవాలి. యోబు స్నేహితులు ఏడు దినాలు, ఏడు రాత్రులు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాకే చెడగొట్టారు.

అడగాల్సిన మాట మాత్రం అడగాలి. “సచ్చిపోవాలని అనిపిస్తున్నదా తమ్మీ?” అని మెల్లగా, సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నది బయటికొస్తుంది. అవునంటే వాళ్లను ఒంటరిగా వదలకూడదు. పత్తి, మిరప వేసే ఇళ్లల్లో పురుగుమందు చేతికందే దూరంలో ఉంటుంది, ఇంటి పెద్దకు చెప్పి ఆ డబ్బాలను ఆ రోజే వేరే చోటికి తరలించాలి. ఆ తీవ్రత చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపు దాటించడమే కావలసింది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ప్రయత్నం చేసి బతికినవాళ్లను కేసవుతుందన్న భయంతో దాచిపెడుతుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ అలాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి శిక్ష నుంచి తప్పిస్తుంది. అప్పే కారణమైతే ప్రార్థనతో పాటు ఇద్దరు పెద్దలు అప్పిచ్చినవాడి దగ్గర కూర్చుని గడువు అడగాలి. “ఒకని భారముల నొకడు భరించి” అన్న గలతీ పత్రిక మాటకు ఫైనాన్స్ వాయిదా కూడా భారమే.

గోలీల విషయంలో సంఘాలు చేసే పొరపాట్లు ప్రమాదకరమైనవి. డిప్రెషన్ మందులు గుణం చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వికారం, నోరెండడం, మగత మాత్రం మొదటి రోజుల్లోనే వస్తాయి. సరిగ్గా ఆ మధ్యలోనే ఎవరో నూనె రాసి “ఇంక మందులొద్దు, స్వస్థత అయింది” అంటారు. బాగైనాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు డాక్టర్లు. ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెడుతుంది. యాకోబు నూనె రాయమన్నాడు గాని మందు మానమనలేదు. పౌలు వెంట ఉన్న లూకా “ప్రియుడైన వైద్యుడు”.

ఉపవాస ప్రార్థన సంగతి ఇంకా జాగ్రత్త. మనసు ఒకసారి బాగా కుంగి, ఇంకోసారి మితిమీరి ఎగసే బైపోలార్ జబ్బుకు లిథియం అనే మందు వాడేవాళ్లు నీళ్లు కూడా మాని ఉపవాసం ఉంటే ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. చేతుల వణుకు, తూలడం, వాంతులు మొదలైతే వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. ఈస్టరుకు ముందు ఉపవాసముండే శ్రమల కాలపు నలభై రోజులు మన దగ్గర ఎండలు ముదిరే రోజుల్లోనే వస్తాయి మరి. రాత్రంతా జరిగే ప్రార్థనలూ వీళ్లకు పడవు, నిద్ర తప్పితే ఉన్మాదం ఎగదన్నుతుంది. మూడు రాత్రులు నిద్రలేకుండా ఆగకుండా మాట్లాడుతూ, దేవుడు నన్ను ప్రవక్తను చేశాడంటూ ఉన్న డబ్బంతా పంచిపెట్టేవాణ్ని చూసి ఆత్మ నింపుదల అనుకుని మైకు ఇచ్చేస్తారు. ఇవ్వాల్సింది డాక్టరు అపాయింట్‌మెంట్. అలాంటివాళ్లు ఉపవాస కూటానికి ఒంటిగంటకు వచ్చి, తిని, గోలీ వేసుకుని పాటల్లో కూర్చుంటే తప్పేమీ లేదని పాస్టరు గారే అందరి ముందు చెప్పాలి. ఆయన చెబితేనే సిగ్గు పోతుంది.

ప్రార్థన మనవి పేరుతో జరిగే నష్టం ఇంకొకటి. “ఫలానా చెల్లి డిప్రెషన్ కోసం ప్రార్థించండి” అని వాట్సాప్ గ్రూపులో పెడితే పొద్దుగూకేసరికి అది అత్తగారి ఊరికి చేరుతుంది. ‘నలుగురు ఏమనుకుంటారో’ అని మనం భయపడే నలుగురూ, పరుపు మోయాల్సిన నలుగురూ ఒక్క బెంచీ మీదే కూర్చుంటారు. అనుమతి అడగకుండా పేరు చెప్పొద్దు. “ఒక కుటుంబం కోసం” అంటే దేవుడికి అర్థమవుతుంది.

కుష్ఠు రోగులను ఊరవతల పెట్టిన రోజుల్లో, 1915లో, నిజామాబాద్ పక్క డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మెథడిస్టు మిషనరీ డాక్టరు వాళ్ల కోసం ఆస్పత్రి తెరిచింది. దానికి డబ్బు సాయం చేసిన నర్సా గౌడ్ క్రైస్తవుడు కాదు. ఇవాళ మనసు జబ్బున్న ఇంటితో వియ్యానికి వెనకాడే మనకు ఆ ఊరు అంత దూరమేమీ కాదు.

చివరికి ఆ మనిషికి ప్రభువు చెప్పింది “నీ పరుపెత్తికొని యింటికి పొమ్మని”. వేదికెక్కి సాక్ష్యం చెప్పమని కాదు. కోలుకున్నవాళ్లను వెంటనే మైకు ముందు నిలబెట్టొద్దు, మళ్లీ జబ్బు తిరగబెడితే వాళ్లు ముఖం చూపించలేరు. చాపలు పరిచే పని, సండే స్కూల్ పిల్లల హాజరు రాసే పని ఇవ్వొచ్చు.

విప్పిన ఇంటికప్పును ఎవరు బాగుచేశారో మార్కు రాయలేదు. మోసేటప్పుడు ఏదో ఒకటి పగులుతుంది. తోడున్నవాళ్లకు నిద్ర పాడవుతుంది, వాళ్లింట్లో సణుగుడు మొదలవుతుంది. అందుకే నెలకొకసారి ఆ నలుగురినీ కూర్చోబెట్టి ఎవరు అలసిపోయారో అడిగి, ఆ మూలకు ఇంకొకరిని మార్చాలి.