ఐదో వారం: ఇన్వర్టర్ ఉన్నా పీసీ పడిపోతూనే ఉంది

కరెంటు పోయి ఇన్వర్టర్‌కు మారే క్షణంలో నా పీసీ ఎందుకు పడిపోతోందో వెతకడం మొదలుపెట్టి ఇది ఐదో వారం. బేస్తవారం మధ్యాహ్నం గెలిచాననే అనుకున్నాను. మెయిన్ స్విచ్ పన్నెండుసార్లు దించితే పదకొండుసార్లు పీసీ ఆగిపోకుండా నడిచింది. అదే రోజు సాయంత్రం ఏడున్నరకు గేమ్ మధ్యలో ఠప్పున పడిపోయింది. పావుగంటకు మళ్లీ పడింది. పక్క గదిలోంచి అమ్మ: "ఒరే, ఫ్యానుకు ఏం చేసినావు రా? రాగం తీస్తాంది!"

ముందు, అయిపోయిన వేరే పనులు. పాత ఫోన్‌లో లీనియేజ్ ఓఎస్ (ఆండ్రాయిడ్‌కు ఇంకో రూపం) ఎక్కింది, బ్యాంకు యాప్ తప్ప అన్నీ నడుస్తున్నాయి. ప్రాసెసర్‌ వేడిని లాగే పేస్టు మార్చి ఆర్కిటిక్ ఎమ్ఎక్స్-4 పెట్టాను, 11 డిగ్రీలు దిగింది. విండోస్ 10కి సపోర్టు ఆగిపోయిన 2025 అక్టోబర్‌లోనే లినక్స్ మింట్‌కు మారాను, తిరిగి చూడలేదు.

ఇక అసలు సంగతి. అనంతపురంలో ఎండాకాలం మొదలైతే కరెంటు వచ్చిపోతూ ఉంటుంది, అది కొత్త కాదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. పాతది, స్క్వేర్ వేవ్: మెయిన్ కరెంటులా నున్నని అల కాకుండా, ఒక్కసారిగా పైకీ కిందికీ దూకే కరెంటు ఇస్తుంది. కరెంటు పోయిన క్షణంలో పీసీ ఒక్కోసారి నిలబడుతుంది, ఒక్కోసారి రీస్టార్ట్ అవుతుంది. పీసీ రాసుకునే లాగ్‌లో ఏమీ ఉండదు, వాక్యం మధ్యలో పెన్ను లాగేసుకున్నట్టు తెగిపోయి ఉంటుంది. నేను నమ్మేది ఒకే లెక్క: ఎన్‌వీఎంఈ డిస్క్ తన గురించి తానే రాసుకునే స్మార్ట్ డేటాలో 'అన్‌సేఫ్ షట్‌డౌన్స్' (పద్ధతిగా ఆపకుండా కరెంటు తెగిన సార్లు) అంకె. మొదటి వారం 41 ఉండింది. ఇప్పుడు 63. ఇందులో తొమ్మిది నేను చేతులారా చేసినవే.

మొదట ఎర్తింగ్‌ను అనుమానించాను. ఎందుకంటే క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమనేవి. సాకెట్లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 28 వోల్టులు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వర్షం పడే ఊరు, మే నెలలో ఎర్త్ గుంత ఎండిపోకుండా ఎలా ఉంటుంది? ఉప్పు వేసి రెండు బిందెల నీళ్లు పోశాను. మరుసటి రోజుకు 5 వోల్టులకు దిగింది, జివ్వుమనడం ఆగింది. రీస్టార్ట్‌లు మాత్రం ఆగలేదు. అయినా ఆ నీళ్లు వృథా కాలేదు, ఈ ఊళ్లో పీసీ ఉన్న ప్రతి ఇంట్లో వేసవికి ముందు చేయాల్సిన పని ఇది.

రెండో అనుమానం వేవ్ మీద. ఆక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును మెయిన్ అలకు తగ్గట్టు లాక్కునే సర్క్యూట్) ఉన్న పవర్ సప్లైలకు స్క్వేర్ వేవ్ పడదని అందరూ అంటారు. నా మీటర్ ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ను 244 అని చూపించింది, భయపడ్డాను. ఒక మిత్రుడి ట్రూ ఆర్ఎంఎస్ మీటర్ (ఏ ఆకారం వేవ్‌నైనా సరిగ్గా కొలిచేది) పెడితే 220. తప్పు నా మీటరుదే: చవక మీటర్లు ఏదైనా సైన్ వేవ్ (మెయిన్ కరెంటు నున్నని అల) అనుకుని లెక్క కడతాయి, స్క్వేర్ వేవ్‌ను దాదాపు 11 శాతం ఎక్కువ చూపిస్తాయి. సరే, ఇన్వర్టర్ మీదే పీసీ ఆన్ చేసి, ఫుల్ లోడ్ పెట్టి ఇరవై నిమిషాలు వదిలేశాను. పవర్ సప్లై సన్నగా గుయ్‌మంది గానీ పడిపోలేదు. అంటే వేవ్ ఒక్కటే కారణం కాదు.

అప్పుడు లెక్కగా మొదలుపెట్టాను. ప్లగ్ మీటర్ ప్రకారం పీసీ ఊరికే ఉంటే 48 వాట్లు, గేమ్ లోడ్‌లో 210. ఊరికే ఉన్నప్పుడు మెయిన్ పన్నెండుసార్లు దించాను, ఒక్కసారీ పడలేదు. లోడ్‌లో పన్నెండుసార్లు దించితే ఏడుసార్లు పడింది. తిరిగి కరెంటు వచ్చేటప్పుడు మాత్రం ఒక్కసారి కూడా పడలేదు. ఇక్కడే బుర్ర వెలిగింది. ఇన్వర్టర్ కరెంటు పోయిందని గుర్తించి, తర్వాత రిలే (లోపలి మార్పిడి స్విచ్) మార్చాలి కాబట్టి పోయేటప్పుడు ఆలస్యం. వచ్చేటప్పుడు గుర్తించడానికి టైమ్ తీసుకున్నా బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, మిగిలేది రిలే టైమ్ ఒక్కటే.

మా ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఉంది: యూపీఎస్ మోడ్, వైడ్ మోడ్. బ్యాటరీకి మారడానికి యూపీఎస్ మోడ్‌కు 10, వైడ్‌కు 40 మిల్లీసెకన్లు అని పుస్తకంలో రాసి ఉంది. మాది వైడ్‌లో ఉండింది. ఏటీఎక్స్ (మామూలు పీసీ) పవర్ సప్లై కరెంటు తెగాక ఫుల్ లోడ్‌లో 16 మిల్లీసెకన్ల చుట్టూ ఓపిక పట్టాలి, లోడ్ తగ్గితే ఎక్కువసేపు. నాది 450 వాట్లది, 210 దగ్గర నడుస్తోంది కాబట్టి సుమారు 34 మిల్లీసెకన్లు నిలబడుతుందనుకోండి. 34కూ 40కీ మధ్య జరిగే గొడవ ఇది! ఊరికే ఉన్నప్పుడు 150 దాటుతుంది, అందుకే పడలేదు. కరెంటు వేవ్‌లో ఏ చోట తెగిందన్న దాన్ని బట్టి ఏడుసార్లు పడడం, ఐదుసార్లు నిలబడడం.

స్విచ్ యూపీఎస్ వైపు తోశాను. అదే బేస్తవారం ఆనందం, పన్నెండింటికి పదకొండు. ఆ ఒక్కటీ ఎందుకు పడిందో లెక్కకు అందలేదు. పవర్ సప్లైకి ఎనిమిదేళ్లు, కెపాసిటర్ నీరసించి ఉంటుందని నా ఊహ. మళ్లీ కొంటే సీసానిక్ కంపెనీది కొంటాను, పవర్ సప్లై దగ్గర మాత్రం పిసినారితనం చేయను.

సాయంత్రం కథ తిరగబడింది. ఏడు గంటలకు వీధిలో కూలర్లు, ఏసీలు అన్నీ మొదలవుతాయి. సాకెట్లో వోల్టేజ్ 172 నుంచి 178కి పడిపోతుంది. వైడ్ మోడ్‌లో ఇన్వర్టర్ దీన్ని పట్టించుకోదు, పీసీకి కూడా ఆ వోల్టేజ్‌తో ఇబ్బంది లేదు. యూపీఎస్ మోడ్‌లో మాత్రం 180 కిందికి దిగితే కరెంటు లేనట్టే లెక్క. బ్యాటరీకి మారుతుంది, వోల్టేజ్ కాస్త పైకొస్తే తిరిగి వస్తుంది, మళ్లీ పోతుంది. ఎనిమిది లోపు తొమ్మిదిసార్లు మారింది. అందులో రెండుసార్లు పీసీ పడింది. మిగతా టైమంతా ఇల్లు స్క్వేర్ వేవ్ మీద నడిచి ఫ్యాన్లు రాగం తీశాయి. తొమ్మిదికల్లా బ్యాటరీ సగం అయిపోయింది. అమ్మ మాటకు విలువిచ్చి మళ్లీ వైడ్‌కు తోసేశాను.

శుక్రవారం మిత్రుడి 600 వీఏ యూపీఎస్ తెచ్చి ఇన్వర్టర్‌కూ పీసీకీ మధ్య పెట్టాను. ఇన్వర్టర్ బ్యాటరీకి మారగానే ఆ స్క్వేర్ వేవ్‌ను యూపీఎస్ కరెంటుగా ఒప్పుకోలేదు, తన సొంత బ్యాటరీ మీదికి దూకింది. కుయ్ కుయ్‌మని అరుస్తూ ఆరు నిమిషాల్లో చచ్చింది, పీసీతో సహా. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ నిండుగా ఉంది! ఊళ్లో ఎంతమంది ఇలా జోడించి 'యూపీఎస్ పాడైంది' అని షాపుకు మోస్తున్నారో.

కాబట్టి ఇప్పుడు ప్లాన్: పీసీ గదికి ఇన్వర్టర్ దాటకుండా మెయిన్ నుంచి నేరుగా ఒక లైన్. దాని మీద యూపీఎస్. యూఎస్‌బీ తీగతో మింట్‌కు కలిపి, యూపీఎస్‌ను కనిపెట్టి చూసే నట్ ప్రోగ్రామ్‌తో, కరెంటు పోయిన మూడు నిమిషాల తర్వాత పీసీని మర్యాదగా ఆపించడం. మెయిన్ కరెంటులాంటి అల ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ కొంటే తలనొప్పంతా ఒక్కసారే పోతుంది, కానీ ఉన్న బ్యాటరీ ఇంకా బాగుంది, మనసు ఒప్పడం లేదు. రూటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఎలాగూ కావాలి. ఫోన్ చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సంగతి కూడా చూడాలి, లీనియేజ్‌లో అది ఉందో లేదో ఇంకా వెతకలేదు.

ఆ లైన్ కోసం ఊళ్లో క్లాక్ టవర్ దగ్గర వైరు బేరం చేశాను. ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి గోడలో పైపు చూసి, "స్వామీ, దీంట్లో కందిరీగలు మట్టి పెట్టినాయి, వైరు దూరదు" అన్నాడు. ఆదివారం పొద్దున్నే నిచ్చెన తెస్తానన్నాడు, వరండా మీదుగా బయటి పైపు వేస్తాడట.