2147483647: కాగితం మీద తేలే ప్రధాన సంఖ్య

సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడిన మన బ్యాచ్ వాళ్లందరికీ 2147483647 ముఖపరిచయమే. 32 బిట్లలో ఒకటి ప్లస్/మైనస్ గుర్తుకు పోగా మిగిలిన 31లో పట్టే అతి పెద్ద పూర్ణాంకం, అంటే 2³¹ − 1. అది ప్రధాన సంఖ్య కూడా. ఈ రెంటికీ చుట్టరికం ఏమీ లేదు. 16 బిట్ల హద్దు 32767 ఉంది కదా, అది 7తో నిశ్శేషంగా పోతుంది.

ఇది ప్రధానమని తేల్చడానికి హైస్కూల్లో నేర్చిన దారిలో వెళ్తే వర్గమూలం 46340 చిల్లర. ఆ లోపు ఉన్న 4792 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. 1772 నాటికే గణితవేత్త ఆయిలర్ ఈ చాకిరీని బాగా తగ్గించాడు. p అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తుందనుకోండి. అప్పుడు 2³¹ని pతో భాగిస్తే శేషం 1. 31 ప్రధానం కనుక ఫెర్మా సిద్ధాంతం (2ᵖ⁻¹ని pతో భాగిస్తే శేషం 1) ప్రకారం p − 1లో 31 ఉండి తీరాలి, p బేసి కనుక p రూపం 62k + 1. ఇక్కడే ఆగిపోతే తప్పేమీ లేదు గానీ 747 సంఖ్యలు మిగులుతాయి. ఇంకో మెలిక ఉంది. 2³² శేషం 2 అవుతుంది, అంటే 65536 వర్గానికి శేషం 2. 2కి అలా వర్గమూలం దొరకాలంటే pని 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగలాలి. రెండు షరతులూ కలిపితే 248n + 1, 248n + 63 మాత్రమే నిలుస్తాయి. 63 ఎలాగూ ప్రధానం కాదు కనుక n 1 నుంచి మొదలెడితే అవి 372. వాటిలోనూ 249, 497, 559 లాంటివి ప్రధానాలు కావు, కొట్టేయొచ్చు. మొదట పరీక్షించాల్సింది 311.

దానికి పెద్ద భాగహారం ఎందుకు? 311తో భాగించగా వచ్చే శేషాలు చాలు. 2⁸ అంటే 256, అందులోంచి 311 తీస్తే −55. వర్గం చేస్తే 2¹⁶ అంటే −85. రెండూ గుణిస్తే 2²⁴కి శేషం 10. దాన్ని 128తో గుణిస్తే 1280, శేషం 36. ఒకటి తీస్తే 35. 311 పోయింది. మిగిలినవీ ఇలాగే.

ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇంతకన్నా పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియదు.

ఇప్పుడైతే, ఇలా 2 ఘాతంలోంచి 1 తీసిన సంఖ్య ప్రధానమో కాదో తేల్చే లూకాస్–లెమర్ పరీక్ష చాలు. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసి, 2147483647తో భాగించగా వచ్చే శేషం ఉంచుకోవాలి: 14, 194, 37634, 1416317954, 669670838... 29వ జవాబు 0 అయితే ప్రధానం. భాగహారం కూడా అక్కర్లేదు. 2³¹ శేషం 1 కనుక కింది 31 బిట్లకు పై బిట్లను కూడితే సరి. కూడగా సరిగ్గా 2147483647 వస్తే దాన్ని 0గా మార్చాలి. అది మరిచిన ప్రోగ్రాం ప్రధాన సంఖ్యను కూడా కాదనేస్తుంది. వర్గాన్ని 32 బిట్లలో దాచినా ముప్పే. మొదటి నాలుగు జవాబులు చక్కగా వచ్చి ఐదోది చెడుతుంది, అందుకే పైపైన చూస్తే తప్పు దొరకదు. 64 బిట్లు వాడాలి.

సరిచూసుకోవడానికి 28వ జవాబు చూడండి. అది 65536 గానీ, 2147483647లోంచి 65536 తీయగా మిగిలేది గానీ కావాలి. రెంటిలో దేని వర్గానికైనా శేషం 2, అందులోంచి 2 తీస్తే 0.