వాడిన 328ఐ: ఫ్యాక్టరీ ఏమి పెట్టింది, దానికి ఇప్పుడెంత?

మార్చి మొదటి వారం

షికాగో శివారు నేపర్‌విల్‌లో ఉంటూ ఈ చలికాలమంతా పాత బీఎండబ్ల్యూల ప్రకటనలు తిరగేశాను. నాకు కావలసింది బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో ఈ90 అనే తరానికి చెందిన 328ఐ సెడాన్. టర్బో లేని 3 లీటర్ల ఎన్52 ఇంజన్, వరుసగా ఆరు సిలిండర్లు, 230 హార్స్‌పవర్, వీలైతే మాన్యువల్ గేర్లు. ఆఫీసుకు వెళ్ళిరావడానికి ఇంట్లో వేరే కారుంది కాబట్టి తొందరేమీ లేదు.

ఇప్పుడొకటి కుదిరేలా కనిపిస్తోంది. 2011 మోడల్, స్పేస్ గ్రే రంగు, లక్షా పదివేల మైళ్ళు తిరిగింది. యజమాని అడుగుతున్నది 8,200 డాలర్లు. లెదర్ సీట్లు, జెనాన్ లైట్లు, స్పోర్ట్ ప్యాకేజీ, పార్కింగ్ సెన్సర్లు, ఒక్కమాటలో అన్ని ఆప్షన్లూ ఉన్నాయని ప్రకటనలో రాశాడు. అన్ని ఆప్షన్లూ ఉన్న 328ఐని నేనింతవరకు చూడలేదు. మ్యూనిక్‌లో తయారుచేసినవాళ్ళు కూడా చూసి ఉండరు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కారు కొనేవారికి ఈ తలనొప్పి తక్కువ. మారుతిలో ఎల్, వీ, జడ్ అక్షరాన్ని బట్టి లోపల ఏమేమి ఉన్నాయో చాలావరకు తెలిసిపోతుంది. అమెరికాలో ఈ బళ్ళను మొదటి యజమాని తనకు కావలసినవి ఏరుకుని ఆర్డరు ఇచ్చుకోవచ్చు. అందువల్ల డిక్కీ మీద ఒకే పేరున్న రెండు కార్ల మధ్య కొత్తలో వేల డాలర్ల తేడా ఉండేది. పదిహేనేళ్ళ తరువాత బయటి నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి.

అందుకని బండి చూడటానికి వెళ్ళకముందే విన్ నంబరు, అంటే ఆ బండి గుర్తింపు సంఖ్య, అడుగుతాను. ఇవ్వనన్నవారితో బేరం అక్కడితో ఆపేస్తాను. ఇతను మాత్రం అడగగానే అద్దం కింద ఉన్న నంబరు ఫోటో తీసి పంపాడు.

విన్ చదివిన తీరు

మన దగ్గర ఛాసిస్ నంబరు అనేది ఇదే. 1981 మోడల్ సంవత్సరం నుంచి అమెరికాలో 17 అక్షరాలు తప్పనిసరి. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. మొదటి మూడు డబ్ల్యూబీఏ అయితే బీఎండబ్ల్యూ మామూలు కారు, డబ్ల్యూబీఎస్ అయితే వేగవంతమైన కార్లు చేసే ఎం విభాగం తయారుచేసినది. పదో స్థానం మోడల్ సంవత్సరం: 2009కి 9, 2010కి ఏ, 2011కి బీ. నేను చూస్తున్న బండికి బీ ఉంది, కానీ తయారైన నెల 2010 నవంబరు. రెండూ వేరువేరు లెక్కలు. ఇందులో మోసమేమీ లేదు.

తొమ్మిదో స్థానం నాకు ఇష్టమైనది. మిగిలిన పదహారూ సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించడానికే అది ఉంటుంది. ఒక్కో అక్షరానికి ఒక అంకె (ఏకి 1, బీకి 2, డబ్ల్యూకి 6), ఒక్కో స్థానానికి ఒక గుణకం (మొదటి మూడింటికి వరుసగా 8, 7, 6) నిర్ణయించారు. డబ్ల్యూబీఏ అంటే 48, 14, 6 కలిపి 68. అలా చివరిదాకా కూడి, మొత్తాన్ని 11తో భాగిస్తే వచ్చే శేషమే తొమ్మిదో స్థానంలో ఉండాలి. శేషం 10 అయితే ఎక్స్. ఎక్సెల్‌లో ఒకసారి సూత్రం రాసి పెట్టుకుంటే ఆ తరువాత నంబరు అతికించడమే పని. ప్రకటనలో ఒక అంకె తారుమారైనా వెంటనే బయటపడుతుంది.

ఇంతవరకు వచ్చాక చాలామంది ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో నంబరు వేసి, అన్నీ తెలిశాయనుకుంటారు. అది ఉచితం, నమ్మదగినది. అయితే అక్కడ వచ్చేది మోడల్, ఇంజన్, ఫ్యాక్టరీ ఊరు వంటి వివరాలే. సీట్లు వేడెక్కుతాయా, సస్పెన్షన్ ఏ రకం అన్నది చెప్పదు. ఆ వివరాలు విన్ అక్షరాల్లో ఉండవు. తయారీదారు దగ్గర ఆ నంబరు కింద దాచిన జాబితాలో ఉంటాయి.

మార్చి మూడో వారం

జాబితా చేతికి వచ్చింది. బీఎండబ్ల్యూకి విన్‌లో చివరి ఏడు అక్షరాలు చాలు. వాటితో పనిచేసే ఉచిత డీకోడర్లు ఉన్నాయి. విడిభాగాల కౌంటరులో మర్యాదగా అడిగితే ఒక కాగితం మీద అచ్చువేసి ఇచ్చేవారూ ఉన్నారు. నేను రెండూ తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చూశాను. కాగితం మీద రంగు కోడ్ ఏ52, అంటే స్పేస్ గ్రే మెటాలిక్. బానెట్ ఎత్తితే కనిపించే చిన్న స్టిక్కరు మీద కూడా అదే ఉండాలి. తరువాత సీటు కోడ్, ఆ కింద ఆప్షన్ల కోడ్‌లు. ప్రతిదానికీ ముందు ఎస్, వెనుక ఏ ఉంటాయి. మధ్యలోని మూడంకెలే అసలు విషయం.

ఈ జాబితా మొదటిసారి చూసినవారు కోడ్‌ల సంఖ్య చూసి మురిసిపోతారు. అందులో సగం అమెరికాకు పంపే ప్రతి బండికీ వేసేవే. 853 అంటే ఇంగ్లీషు భాష. 876 తాళం రిమోట్ పనిచేసే 315 మెగాహెర్ట్జ్ తరంగం. 925 ఓడ ప్రయాణంలో బండికి గీతలు పడకుండా కప్పిన రక్షణ. దానికి కూడా ఒక కోడ్ ఉంది, అదీ ఆప్షన్ల వరుసలోనే కూర్చుంటుంది. జర్మన్ల పద్ధతి!

వీటన్నిటినీ కొట్టేస్తే మిగిలినవి ఇవి. 226 స్పోర్ట్ సస్పెన్షన్, 255 స్పోర్ట్ స్టీరింగ్, 481 స్పోర్ట్ సీట్లు, 840 గరిష్ఠ వేగ పరిమితి పెంపు. ఇవి కలిసి ఉంటే స్పోర్ట్ ప్యాకేజీ నిజమే. 494 వేడెక్కే ముందు సీట్లు, 465 వెనుక సీటు మడిచి డిక్కీలోకి దారి. షికాగో చలికి 494 లేని బండిని మా ఇంట్లోవాళ్ళు ఎక్కరు.

ఉన్నవాటికంటే లేనివే ఎక్కువ చెప్పాయి. 205 లేదు. అది ఆటోమేటిక్ గేర్ల కోడ్. అమెరికాలో 328ఐకి ఆరు గేర్ల మాన్యువల్లే ప్రామాణికం కాబట్టి దానికి వేరే కోడ్ ఉండదు, 205 లేకపోవడమే రుజువు. 522 లేదు, అంటే ఫ్యాక్టరీ జెనాన్ లైట్లు లేవు. 508 లేదు, పార్కింగ్ సెన్సర్లు ఫ్యాక్టరీవి కావు. సీటు కోడ్ ఎల్‌సీతో మొదలైతే డకోటా లెదర్. ఇక్కడున్నది లెదరెట్, అంటే కృత్రిమ తోలు. నావిగేషన్ 609 కూడా లేదు. అది ఫోటోలోనే తెలిసింది. నావిగేషన్ ఉన్న ఈ90లో డాష్‌బోర్డు మధ్యలో తెర కోసం రెండో గూడు లేస్తుంది. లేనివాటిలో ఆ చోట చదునుగా ఉంటుంది.

ఏప్రిల్ మొదటి శనివారం

బండి చూసి వచ్చాను. జాబితా ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు సంగతి చెబుతుంది. ఆ తరువాత ముగ్గురు యజమానులు ఏమి మార్చారో బండే చెప్పాలి.

స్పోర్ట్ సీట్లు అక్కడే ఉన్నాయి. తొడ కింది భాగం ముందుకు లాగితే జరుగుతుంది, మామూలు సీట్లలో జరగదు. చక్రాలను నేను సాక్ష్యంగా తీసుకోను, 18 అంగుళాల చక్రాలు ఎవరైనా కొని బిగించుకోగలరు. డ్రైవరు తలుపు తెరిస్తే అంచు మీద ఉండే టైర్ల పట్టీ చూస్తాను. ముందు 225/40, వెనుక 255/35 అని ఉంది. స్పోర్ట్ ప్యాకేజీ సెడాన్‌కి అదే కొలత. కోడ్, పట్టీ, చక్రం మూడూ కలిశాయి.

లైట్ల దగ్గర కథ వేరు. హాలోజన్ డబ్బాలో ఎవరో బయటి జెనాన్ బల్బులు బిగించారు. వెలుతురు చెదిరి ఎదుటివారి కళ్ళలో పడుతుంది. వెనుక బంపరులో సెన్సర్లు ఉన్నాయి కానీ రంధ్రాల అంచులు నునుపుగా లేవు, సెన్సర్ల రంగు కూడా బంపరు రంగుకు కలవదు.

స్టీరింగ్ విషయం కొంచెం విడమరచి చెప్పాలి. 2024 జూలైలో బీఎండబ్ల్యూ అమెరికాలో ఈ తరం 3 సిరీస్ బళ్ళు దాదాపు 3,90,000 వెనక్కి పిలిచింది. అసలు స్టీరింగ్ తీసేసి, పేలి లోహపు ముక్కలు చిమ్మే లోపమున్న టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌తో స్పోర్ట్ స్టీరింగ్ బిగించుకున్నవారు ఉండవచ్చని అనుమానం. కాబట్టి జాబితాలో 255 లేని బండిలో స్పోర్ట్ స్టీరింగ్ కనిపిస్తే అది అందం కోసం తెచ్చిపెట్టుకున్న ప్రమాదం కావచ్చు. ఈ బండిలో 255 ఉంది. అయినా ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో విన్ వేసి, ఎయిర్‌బ్యాగ్ రీకాల్ పనులన్నీ పూర్తయ్యాయని నిర్ధారించుకున్నాను. ఉచిత సేవ, రెండు నిమిషాల పని. సెకండ్‌హ్యాండ్ బండి కొనే ప్రతివారూ చేయాలి.

ఏప్రిల్ రెండో వారం: విలువ కట్టడం

కొత్తలో ఏ ఆప్షన్‌కు ఎంత తీసుకున్నారో తెలియాలంటే షోరూములో అద్దానికి అంటించిన ధరల పత్రం కావాలి. ఒక్లహోమా సెనేటర్ మైక్ మన్‌రోనీ పెట్టించిన 1958 చట్టం వల్ల కంపెనీ ధర, ఒక్కో ఆప్షన్ ధర, రవాణా ఖర్చు విడివిడిగా చూపించడం తప్పనిసరి అయింది. కొన్నవారి చేతికి బండి వెళ్ళేదాకా ఆ పత్రాన్ని పీకకూడదు. అంతకుముందు డీలర్లు నోటికొచ్చిన ధర చెప్పేవారట. పాత యజమానుల్లో కొందరు దాన్ని మాన్యువల్ సంచిలో దాస్తారు. ఈ బండికి అది లేదు. ఉన్నా నా లెక్క మారేది కాదు. పదిహేనేళ్ళ కిందటి నావిగేషన్‌కు ఎవరో రెండు వేలు పోశారని నేనూ పోయక్కరలేదు.

1926 నుంచి ధరలు ప్రచురిస్తున్న కెల్లీ బ్లూ బుక్‌లో ఆప్షన్లకు టిక్కులు పెట్టే వీలుంది. మొదటి అంచనాకు పనికొస్తుంది. డీలరుకు అప్పగించే ధర, వ్యక్తులు అమ్ముకునే ధర అక్కడ వేరువేరుగా ఉంటాయి, ఏది చూస్తున్నామో గమనించాలి. ఆ తరువాత నా పద్ధతి నాది. దగ్గరి మైళ్ళున్న ప్రకటనలు పోగుచేసి, ప్రతి బండి విన్‌తో జాబితా తీసి, పట్టికలో వేస్తాను. అమ్ముడుపోయేదాకా కనిపెట్టి, చివరిసారి కనిపించిన ధర రాసుకుంటాను.

ఒక ఆప్షన్‌కు ఇవాళ డబ్బు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి నేను వేసుకునే ప్రశ్నలు రెండే. తరువాత బిగించుకోలేనిదా? తరువాత కొనేవాడు దీనికోసమే వెతుకుతాడా? మాన్యువల్ గేర్లు రెండింటికీ నిలుస్తాయి. కొనేవారు కొద్దిమందే అయినా వాళ్ళు దాన్నే వెతుకుతారు. స్పోర్ట్ సీట్లు పాతవి దొరుకుతాయి కానీ మంచి స్థితిలో ఉన్న జత అరుదు. స్పోర్ట్ సస్పెన్షన్ మాత్రం పేరుకే. లక్షా పదివేల మైళ్ళ తరువాత డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) అరిగిపోయి ఉంటాయి, దానికి నేను సున్నా వేస్తాను. నావిగేషన్ లేకపోవడం లాభమే. చదును డాష్‌బోర్డులో కొత్త స్టీరియో పెట్టుకోవడం సులువు. లెదరెట్‌ను చిన్నచూపు చూడకండి. ఈ వయసులో డకోటా లెదర్ డ్రైవరు పక్క పగుళ్ళు తేలి ఉంటుంది, ఇది తుడిస్తే మెరుస్తోంది.

నా లెక్క ఇలా వచ్చింది. ఆటోమేటిక్, ఏ ప్యాకేజీ లేని మామూలు బండికి నా పట్టిక ప్రకారం 6,500 డాలర్లు. మాన్యువల్‌కు 800, సీట్లు, స్టీరింగ్‌కు 500, వేడెక్కే సీట్లకు 150 కలిపాను. లైట్లు మళ్ళీ మామూలుగా చేయడానికి 200 తీశాను. ఈ ఇంజన్‌కు విద్యుత్తుతో నడిచే నీళ్ళ పంపు ఉంటుంది, ఈ మైళ్ళకు మార్చాల్సి రావడం మామూలే. మార్చిన బిల్లు యజమాని చూపలేదు. దానికి 700 తీశాను. తేలినది 7,050.

ఈలోగా ఇతరుల పని

ఈ పిచ్చి సంగతి తెలిసి ఆఫీసులో ఒక మిత్రుడు తన పాత షెవర్లే గురించి అడిగాడు. షెవర్లేను తయారుచేసే జనరల్ మోటార్స్ పాత బళ్ళలో ఇంత అవస్థ లేదు. చాలావాటిలో గ్లవ్‌బాక్స్ తెరిస్తే లోపల అంటించిన కాగితం మీద మూడక్షరాల కోడ్‌లు వరుసగా ఉంటాయి. షెవర్లే కార్వెట్ జడ్06 అని అందరూ గొప్పగా చెప్పుకునే పేరు 1963లో అలాంటి ఆప్షన్ కోడే. కమారో జడ్28 కూడా అంతే, 1967 మోడల్‌లో వచ్చింది.

విజయవాడలో మా బావమరిది స్కోడా ఆక్టేవియాకు డిక్కీలో పరచిన కార్పెట్ ఎత్తి, స్టెపినీ గుంట పక్కన చూడమన్నాను. ఫోక్స్‌వాగన్, ఆడి, స్కోడాలకు ఆ స్టిక్కరే జాతకం. సర్వీసు పుస్తకంలోనూ ఒకటి అంటిస్తారు. ఫోటో పంపాడు, అంకెలు స్పష్టంగా ఉన్నాయి. బ్రేకు ప్యాడ్లు కొనేముందు ముందు, వెనుక బ్రేకుల కోడ్‌లు దుకాణంలో చూపించమని చెప్పాను. ఒకే మోడల్‌లో రెండు మూడు కొలతల డిస్కులు ఉంటాయి.

ఏప్రిల్ చివర

కోడ్‌ల కాగితం, పట్టిక రెండూ యజమాని ముందు పెట్టాను. లెదర్ గురించి అతనికీ తెలియదు, తనకు అమ్మినవారు అలాగే చెప్పారట. జెనాన్ మాట వచ్చినప్పుడు నవ్వి ఊరుకున్నాడు. 6,800 దగ్గర మొదలుపెట్టి 7,100 దగ్గర తెగ్గొట్టుకున్నాం.

పనుల జాబితాలో మొదటిది హాలోజన్ బల్బులు, రెండోది నీళ్ళ పంపు, దానితోపాటే థర్మోస్టాట్. పంపు విడిభాగం చివరి ఏడు అక్షరాలతోనే ఆర్డరు పెట్టాను, వచ్చే వారం చేరుతుంది. డ్యాంపర్లు 226 కోడ్‌కు సరిపోయే రకమే తెప్పించాలి. మామూలు బండివి చవకగా వస్తాయని ఇప్పటికే ఇద్దరు సలహా ఇచ్చారు. స్పోర్ట్ స్ప్రింగుల పొడవుకు అవి నప్పవు. వెనుక సెన్సర్లు పనిచేస్తున్నంతకాలం ఉంటాయి, పాడైతే తీసేస్తాను.