మా కాకటీల్ పిల్ల

విజయనగరంలో మా మేడ మీది గదిలో కాకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న చిలుక) జంట మొదటిసారి పిల్లను చేసింది. పగలు ఎక్కువగా తండ్రి, రాత్రి తల్లి పొదిగాయి. మామూలుగా 18 నుంచి 21 రోజులు పడుతుంది.

పసుపు నూగుతో, కళ్లు మూసుకుని ఉన్న పిల్లను చూస్తే ముందు టెన్షనే వచ్చింది. రోజూ పొద్దున్నే దాని మెడ కింద మేత సంచి చూస్తాను. నిండుగా, మెత్తగా ఉంటే కడుపు నిండినట్టే. ముందురోజు మేత తెల్లారినా అరగకపోతే డాక్టరుకి చూపించాల్సిందే.

మచ్చికవుతుందని కొందరు పిల్లను తొందరగా తీసేసి చేత్తో తినిపిస్తారు. నాకది నచ్చదు. తల్లిదండ్రుల కంటే బాగా ఎవరు తినిపిస్తారు? వాటికి ఉడికించిన గుడ్డు, మొలకెత్తిన పెసలు, మునగాకు పెడుతున్నాను. మన ఉక్కపోతలో గుడ్డు త్వరగా పాడవుతుంది, మిగిలింది వెంటనే తీసేయాలి.

నాలుగైదు వారాలకు పిల్ల గూడు పెట్టె దాటి వస్తుంది. తర్వాత కూడా తండ్రి కొన్నాళ్లు తినిపిస్తాడు, అందుకే అప్పుడే విడదీయను.