అడవి ఆలుగడ్డ పుప్పొడి ఎందుకు పట్టదు?

ఆకుమాడు తెగులును తట్టుకునే జన్యువులు మెక్సికో కొండల అడవి ఆలుగడ్డల్లో దండిగా ఉన్నాయి. సోలానం డెమిస్సం అనే అడవి జాతి నుంచి తెచ్చిన ఆర్1, ఆర్2 లాంటి జన్యువులను, ఈ తెగులు తెచ్చే సూక్ష్మజీవి ఫైటోఫ్తోరా ఒక్కొక్కటిగా దాటేసింది. అంతకంటే గట్టిదని పేరుబడ్డది సోలానం బల్బోకాస్టానం. చిక్కేమిటంటే, దాని పుప్పొడిని సాగు రకం పువ్వుకు అద్దితే గింజ కట్టదు.

క్రోమోజోములు సాగు రకంలో 48, బల్బోకాస్టానంలో 24 కావడమే కారణమనుకుంటారు. అసలు తేడా గింజలో పిండానికి మేతపెట్టే అంకురచ్ఛదంలో ఉంది. ప్రతి జాతికీ ఈబీఎన్ (అంకురచ్ఛదపు తూకం చెప్పే అంకె) ఒకటి ఉంటుంది: సాగు ఆలుగడ్డకు 4, బల్బోకాస్టానానికి 1. అంకురచ్ఛదంలో తల్లి వాటా తండ్రి వాటాకు రెండింతలు ఉండాలి. ఇక్కడ ఎనిమిదింతలవుతుంది. ఇలా లెక్క తప్పి అంకురచ్ఛదం చెడిపోతే పిండం మేత లేక ఎండిపోతుంది.

అందుకే మధ్యలో వేరే జాతులతో వంతెన కట్టాలి. నెదర్లాండ్స్‌లో ముందు సోలానం అకాలేతో కలిపారు. పుట్టిన మూడు క్రోమోజోము సెట్ల మొక్కను కాల్చిసిన్ అనే మందుతో ఆరు సెట్లకు రెట్టించి, సోలానం ఫురేజా అనే మరో జాతితో, ఆ తర్వాత సాగు రకంతో కలిపారు. బయోనికా, టొలూకా రకాలు ఆ దారినే వచ్చాయి, దశాబ్దాలు పట్టింది. అమెరికాలో విస్కాన్సిన్ వాళ్లు పువ్వు జోలికే పోకుండా గోడ తీసిన కణాలను నేరుగా కలిపేశారు.

ఇక చేతిపని. పూత రావాలంటే పగలు పొడుగుండాలి, చల్లగానూ ఉండాలి. జహీరాబాద్ చలికాలపు పగళ్లు ఇందుకు చాలవు; మన దేశంలో సంకరాలు హిమాచల్‌లోని కుఫ్రీ కొండమీద చేసేది అందుకే. గడ్డను ఇటుక మీద పెట్టి మట్టి కప్పి, వేళ్లు దిగాక మట్టి కడిగేసి, ఊరే గడ్డలను గిల్లేస్తుంటే బలం పూతకు పోతుంది. విచ్చుకోబోయే మొగ్గలో అయిదు కేసరాలనూ పట్టకారుతో తీసేయాలి. పుప్పొడి అద్దాల్సిన కొన, అంటే కీలాగ్రం, గీసుకుందా, ఆ మొగ్గ రాలినట్టే. కాయ కట్టాక పల్చటి గుడ్డ సంచి తొడగాలి, లేకపోతే పండి రాలిన కాయ ఏ సంకరానిదో తెలియదు. గింజలకు నిద్ర ఎక్కువ: 1500 పీపీఎం జిబ్బరెల్లిక్ ఆమ్లంలో 24 గంటలు నానబెడితే మొలుస్తాయి.

తెగులు పరీక్షకు తెంపిన ఆకు చాలు. బీజాంశాల నీటిని 4 డిగ్రీల చల్లదనంలో రెండు గంటలుంచి, ఆకు అడుగున చుక్క వేసి, తేమగా 15–18 డిగ్రీల దగ్గర వారం ఉంచాలి. గుండుసూది తలంత నల్లచుక్క దగ్గరే ఆగితే ఆ మొక్క నిలబడ్డట్టు; అంచున తెల్లటి నూగు లేస్తే లొంగినట్టు. ఒకే రకం ఫైటోఫ్తోరాతో పరీక్షించి సంబరపడొద్దు.

సంకరాన్ని మళ్లీ సాగు రకంతో కలిపే ప్రతి బ్యాక్‌క్రాస్‌కూ అడవి వాటా సగటున సగమవుతుంది. ప్రతిసారీ వేరే సాగు రకాన్ని వాడాలి. ఒక్కదానితోనే మళ్లీ మళ్లీ కలిపితే మొక్క బక్కచిక్కిపోతుంది. దిగుబడి చూసి చేదును మరవొద్దు. సోలానం చాకోయెన్సే అనే అడవి జాతి రక్తమున్న లెనేప్ రకం అమెరికాలో 1967లో విడుదలై, గ్లైకోఆల్కలాయిడ్లు (చేదు, విషం తెచ్చే పదార్థాలు) ఎక్కువని 1970లో వెనక్కి పోయింది. 100 గ్రాముల పచ్చి గడ్డలో అవి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ లెక్క ప్రతి తరంలోనూ తీయాలి.