చల్లగా ఉన్న రెండో పైపు

రోడ్డు మీద పోతున్నంతసేపూ నా పాత మోటార్‌సైకిల్ బంగారం. ఆపితేనే పేచీ. బయల్దేరిన రోజు గంటకు తొంభై కిలోమీటర్ల వేగంలో నాలుగు సిలిండర్లూ ఒకే గొంతుతో పలికాయి. మొదటి సిగ్నల్ దగ్గర క్లచ్ పట్టగానే టాకోమీటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) ముల్లు వెయ్యి మీద నిలవాల్సింది పోయి ఆరు వందలకు జారింది, రెండుసార్లు వణికింది, ఇంజన్ ఆగిపోయింది. వెనక కారతను హారన్ మోగించాడు. తర్వాతి సిగ్నల్ దగ్గరా అదే తంతు.

బండి వయసు ముప్పై దాటింది. ముందు గాలిని కోసే పెద్ద ఫెయిరింగ్, రెండు పక్కలా పెట్టెలు, నాలుగు సిలిండర్లు, వాటికి గాలిలో పెట్రోల్ కలిపి పంపే నాలుగు కార్బరేటర్లు. నాతో వచ్చిన మా బావది కార్బరేటర్లు లేకుండా, కంప్యూటరే పెట్రోల్ కొలిచి చిమ్మే కొత్త ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. "ఏంటి బావా, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగి దణ్ణం పెట్టుకుంటున్నావా?" అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. ట్యాంకు కింద చేతికి తగిలే ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం) నాబ్‌ని ఒకటిన్నర చుట్టు తిప్పి ముల్లుని 1,400 మీదికి తెచ్చాను. బండి ఆగడం మానేసింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

సాయంత్రం ఘాట్ దిగుతుంటే అసలు రంగు బయటపడింది. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా ముల్లు 2,500 దగ్గర వేలాడి, తీరిగ్గా కిందికి వస్తోంది. ఇంజన్ పట్టి ఆపాల్సిన చోట బండి ముందుకే తోసుకుపోతోంది. మలుపు మలుపుకీ బ్రేకులే దిక్కు. కిందికి చేరేసరికి ముందు డిస్కుల నుంచి కమురు వాసన.

ఆ నాబ్ చేసేది ఒక్కటే పని. నాలుగు కార్బరేటర్ల బటర్‌ఫ్లైలనూ, అంటే గాలి దారిలో ఉండే పలకలనూ, కలిపి వెంట్రుకవాసి తెరుస్తుంది. బాగా మండుతున్న సిలిండర్లు మండని దాన్ని కూడా మోసుకుపోతాయి. జ్వరం వచ్చినవాడి థర్మామీటర్ని చల్లనీళ్లలో ముంచి "తగ్గింది" అన్నట్టుంది నేను చేసింది. మరుసటి రోజు పొద్దున్నే నాబ్‌ని మళ్లీ ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, మొదటి నుంచి మొదలుపెట్టాను.

చల్లారిన ఇంజన్‌ని చోక్ లాగి స్టార్ట్ చేసి, ఒక నిమిషం తిరగనిచ్చి, ఎగ్జాస్ట్ పైపుల మీద వేళ్లతో నీళ్లు చిలకరించాను. ఒకటో పైపు చుయ్‌మంది. మూడు, నాలుగు కూడా. రెండో పైపు మీద మాత్రం నీటిబొట్టు తాపీగా జారి నేల మీద పడింది. అంటే ఐడ్లింగ్‌లో ఆ సిలిండర్ అసలు మండటం లేదు. వేగం మీద నాలుగూ పలికాయంటే అప్పుడది మండుతున్నట్టే. ఈ తేడాలోనే సగం జవాబు ఉంది కానీ, తొందరపడి కార్బరేటర్ మీద పడదలచుకోలేదు. విప్పడం ఎంత చాకిరీయో తెలుసు కాబట్టి, ముందు తేలిక పనులు చూసుకుందామనుకున్నాను.

ఇలాంటి బండ్లలో ప్లగ్‌లకి కరెంటు ఇచ్చే కాయిల్స్ సాధారణంగా రెండే ఉంటాయి. ఒకటీ నాలుగూ ఒక కాయిల్ మీద, రెండూ మూడూ ఇంకోదాని మీద. కాయిల్ పోతే రెండోదాంతో పాటు మూడోది కూడా చల్లబడాలి. మూడో పైపు కాలుతోంది కనుక కాయిల్ మీద అనుమానం తీసేశాను. ఇక నిప్పురవ్వ పుట్టించే ప్లగ్. రెండో ప్లగ్ విప్పితే తడిగా లేదు, నల్లగానూ లేదు. పెట్రోల్ వచ్చి మండకపోతే ప్లగ్ తడిసి ఉండాలి. ఇది పొడిగా ఉందంటే పెట్రోలే అందడం లేదన్నమాట. అయినా మూడో ప్లగ్‌తో మార్చి చూశాను. చల్లదనం రెండో పైపు దగ్గరే ఉండిపోయింది. కార్బరేటర్ కింద పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే పెట్రోల్ ధారగా వచ్చింది. గిన్నె దాకా వస్తున్న పెట్రోల్ అక్కడి నుంచి పైకి ఎక్కడం లేదు. మిగిలింది ఐడ్లింగ్‌లో పెట్రోల్ వెళ్లే సన్నటి దారి, పైలట్ జెట్.

అప్పుడిక తప్పలేదు. సీటు, ట్యాంకు తీసి, ఎయిర్ బాక్స్ వెనక్కి నెట్టి, నాలుగు కార్బరేటర్లనూ ఒకే గుత్తిగా బయటికి లాగాలి. ముప్పై ఏళ్ల రబ్బరు వాటిని అంత తేలిగ్గా వదలదు. రెండు గంటలు పట్టింది. బావ మొదటి గంట స్పానర్లు అందించాడు, రెండో గంట ఫోటోలు తీశాడు.

పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. జెట్లని ఒక్కోదాన్నీ వెలుతురుకి ఎదురుగా పెట్టి చూశాను. మూడింటిలో సూదిమొనంత వెలుగు కనిపించింది, రెండోదాంట్లో చీకటి. తప్పు నాదే. బండిని ఐదు నెలలు కదపకుండా ఉంచాను, గిన్నెల్లో పెట్రోల్ అలాగే వదిలేశాను. పెట్రోల్‌లో తేలికభాగం ఆవిరైపోతే అడుగున మిగిలేది బంక. ముందుగా మూసుకుపోయేది అన్నింటికంటే సన్నటి దారి, అది ఐడ్లింగ్‌ది. వేగంలో పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్ రంధ్రం పెద్దది కాబట్టి వేగం మీద ఏమీ తెలియదు. ఉక్కు తీగ పెడితే ఇత్తడి గీసుకుపోయి రంధ్రం పెద్దదవుతుంది. అందుకని ఒక వైరు ముక్కలోంచి సన్నటి రాగి పోగు లాగి, కార్బరేటర్ క్లీనర్‌లో నానబెట్టిన జెట్‌లో దూర్చాను. మూడోసారికి వెలుగు కనిపించింది. ఇంత చిన్న చుక్క చూసి అంత సంతోషపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే రెండో పైపు చుయ్‌మంది. నాబ్ ముట్టుకోకుండానే ముల్లు 1,050 మీద నిలిచింది. మధ్యాహ్నానికల్లా మళ్లీ కొండెక్కుతున్నాం. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపితే ముల్లు మళ్లీ 2,000 దగ్గర వేలాడింది! అప్పుడు పడ్డ టెన్షన్ నిన్న కూడా పడలేదు. అంటే రోగాలు రెండు. మొదటిది రెండోదాన్ని దాచిపెట్టింది.

యాక్సిలరేటర్ వదిలాక ఇంజన్ వెంటనే దిగకుండా వేలాడిందంటే మిశ్రమంలో గాలి ఎక్కువైనట్టు లెక్క. దాని తీరు వేరు, పెట్రోల్ ఎక్కువైతే తీరు వేరు. పెట్రోల్ ఎక్కువైనప్పుడు ముల్లు మామూలు కన్నా కిందికి పడి, తర్వాత తేరుకుంటుంది. నాకు ముల్లు పైన ఆగుతోంది, అదీ వేడెక్కాకే. ఎక్కడో దొంగగాలి దూరుతోంది. నీళ్ల సీసా మూతకి చిల్లు పెట్టి, కార్బరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టాల మీద ఒక్కోదాని చుట్టూ సన్నగా చిమ్మాను. మూడోదాని అడుగున నీళ్లు తగలగానే ముల్లు ఠక్కున కిందికి దిగి, రెండు క్షణాల తర్వాత మళ్లీ పైకి లేచింది. నీళ్లు చీలికని మూసిన ఆ రెండు క్షణాలే ఇంజన్ సరిగ్గా నడిచింది. పొద్దున చేతిలో పట్టుకుని, తుడిచి మరీ పెట్టిన రబ్బరే అది. వంచి చూసుంటే అప్పుడే పగులు నోరు తెరిచేది. నేను పైపైన తుడిచి ఊరుకున్నాను.

మళ్లీ అంతా విప్పే ఓపిక లేదు. సైకిల్ ట్యూబ్ ముక్క కోసి, పగులు మీద రెండు చుట్లు గట్టిగా లాగి చుట్టి, క్లిప్పు బిగించాను. ఇన్సులేషన్ టేపు వేడికి జారిపోతుంది, దాన్ని నమ్మలేదు. ఆ అతుకు ఇల్లు చేరేదాకా నిలిచింది.

రెండు వేల మీటర్ల ఎత్తులో ముల్లు ఓ వంద తగ్గింది, పొగలో పచ్చి పెట్రోల్ వాసన వచ్చింది. ఇది రోగం కాదు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, కార్బరేటర్ జెట్ మాత్రం కింద పోసినంత పెట్రోలే పోయాలని చూస్తుంది. బావ బండిలో సెన్సర్ చూసుకుని పెట్రోల్ తగ్గిస్తుంది. పెట్రోల్, గాలి పాళ్లు మార్చే మిక్స్చర్ స్క్రూలు తిప్పాలని చేతులు లాగాయి కానీ, మర్నాడు దిగేవాళ్లమే కదా అని ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక నాలుగు రబ్బర్లూ కొత్తవి వేశాను. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌ల దగ్గర ఉండాల్సిన సన్నటి సందు) చల్లటి ఇంజన్ మీద చూసుకున్నాను. ఆ తర్వాతే సింక్, అంటే నాలుగు కార్బరేటర్ల లాగుడూ సమానం చేయడం. ఒక సిలిండర్ మండనప్పుడో, గాలి దూరుతున్నప్పుడో సింక్ చేస్తే తప్పుని తప్పుతో తూచినట్టే. పారదర్శకమైన గొట్టాన్ని పలకకి యూ ఆకారంలో బిగించి, అందులో నూనె పోసి, రెండు కొసలనీ రెండు సిలిండర్ల గాలిదారులకి తగిలించి, ముందు ఒకటీ రెండూ, తర్వాత మూడూ నాలుగూ, చివర్న ఆ రెండు జతలనీ సమానం చేశాను. నూనె ఎటు ఎక్కుతుంటే అటు లాగుడు ఎక్కువ. నీళ్లు మాత్రం పోయొద్దు. పొరపాటున లోపలికి లాగేసుకున్నా కాస్త నూనె పొగైపోతుంది, నీళ్లు సిలిండర్‌లో పేరుకుంటే కథ వేరు. నిలబెట్టి నడిపే ఇంజన్‌కి ఎదురుగా ఫ్యాన్ పెట్టడం కూడా మర్చిపోవద్దు.

చివర్లో నాలుగు పైపుల మీదా నీళ్లు చల్లాను. నాలుగూ చుయ్‌మన్నాయి. బావకి ఫోన్ చేసి ఆ చప్పుడు వినిపించాను.

"ఏం వండుతున్నావు బావా?" అన్నాడు.